అగ్గి తెగులు: మంచు రాత్రి వరి ఆకు మీద ఏం జరుగుతుంది?

మొన్న రీల్స్ చూస్తుంటే ఓ గోల్ఫ్ కోర్సు వీడియో వచ్చింది. తెల్లారగట్ల ఇద్దరు పొడవాటి తాడు పట్టుకుని గడ్డి మీద ఈడ్చుకెళ్తున్నారు. ఎందుకా అని చూస్తే, మంచు దులపడానికట! తడి ఆరకపోతే గడ్డికి తెగులు పడుతుంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత మా చేను గుర్తొచ్చింది.

ఎందుకంటే అమెరికాలో గోల్ఫ్ మైదానాల గడ్డిని 1990ల నుంచి మాడ్చేస్తున్న ఓ తెగులుకీ, మన దాళ్వా వరికి వచ్చే అగ్గి తెగులుకీ కారణం ఒకే జాతి శిలీంధ్రం. పేరు మాగ్నపోర్తే. వంశాలు వేరులెండి, గడ్డిది వచ్చి వరికి అంటుకోదు. అక్కడ వేసవి చివర్లో వస్తుంది, ఇక్కడ సంక్రాంతి చలిలో. రెండుచోట్లా దానికి కావాల్సింది మాత్రం ఆకు మీద తడి.

ఇది ఆకులోకి ఎలా దూరుతుందో వింటే ఆశ్చర్యపోతారు. బైకు టైరుకి 30 పాయింట్లు గాలి కొట్టిస్తాం కదా, అది సుమారు 2 అట్మాస్ఫియర్లు. ఈ శిలీంధ్రం ఆకు మీద చిన్న బుడగలా తయారై, లోపల 80 అట్మాస్ఫియర్ల దాకా ఒత్తిడి పెంచుకుని, ఆకు పైపొరని పొడిచేస్తుంది. ఒక్క రాత్రి మంచు చాలు. మచ్చ మనకి కనపడేది నాలుగైదు రోజులు పోయాకే.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. రెండేళ్ల క్రితం నారు పచ్చగా లేదని నాన్న యూరియా ఇంకో అరబస్తా ఎక్కువ చల్లారు. వారంలో చేను నల్లగా నిగనిగలాడింది. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు కూడా! యూరియా ఎక్కువైతే ఆకు మెత్తబడుతుంది, తెగులుకి అదే విందు. ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలొచ్చాయి, అంచు గోధుమరంగు, మధ్య బూడిదరంగు. నేను ఫొటో తీసి గ్రూపులో పెట్టా. ఒకరు జింకు లోపం అన్నారు. జింకు చల్లాం. ఈనిక దశలో మెడ విరుపు వచ్చింది, వెన్నులు తెల్లబడి విరిగి వాలిపోయాయి. ఎకరాకి 45 బస్తాలు రావాల్సింది 28తో సరిపెట్టుకున్నాం. అందులోనూ తాలే ఎక్కువ. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

మెడ విరిగాక ఏం కొట్టినా గింజ రాదు ఫ్రెండ్స్. విత్తనం నానబెట్టేటప్పుడే లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ కలపాలి. మచ్చలు కనపడితే యూరియా ఆపేసి, ట్రైసైక్లజోల్ 75 పొడి లీటరుకి 0.6 గ్రాములు, అంటే ఎకరానికి 200 లీటర్ల నీటిలో 120 గ్రాములు కొట్టాలి. తెగులు పడిన చేలో వెన్ను బయటికొచ్చే ముందు మళ్లీ చూసుకోవాలి. అనుమానముంటే మచ్చలున్న ఆకు కోసుకుని రైతు సేవా కేంద్రానికో, మార్టేరు వరి పరిశోధన స్థానానికో పట్టుకెళ్లండి. ఫొటో చాలదు.

తాడు ఈడ్చడం మనకి కుదరదు, అన్నెకరాలు ఎవరు లాగుతారు! కానీ ఫోన్లో వాతావరణం చూడొచ్చు. రాత్రి 20 డిగ్రీల దిగువకి పడి, పొద్దున మంచు పట్టిందంటే గట్టెక్కాల్సిందే. కొల్లేరు అంచు చేలల్లో మంచు ఆలస్యంగా వీడుతుంది, కైకలూరు వైపు వాళ్లు ఇంకా జాగ్రత్త.

ఈ ఏడు మా నారుమడిలో నాలుగైదు మచ్చలు కనపడ్డాయి. నాన్న రెండో దఫా యూరియా ఇంకా వేయలేదు. బస్తా అరుగు మీదే ఉంది, రోజూ పొద్దున్నే ఇద్దరం చేలోకెళ్లి ఆకులు చూసొస్తున్నాం.