దానము కాదు, బాకీ
(పఠనమందిర సభలో చేసిన ప్రసంగపాఠము)



కలవారు లేనివారికి తోడ్పడవలెనని చెప్పుటకు క్రొత్త వక్త యక్కరలేదు. ఆ మాట విని, పండుగనాడు నలుగురికి అన్నము పెట్టి తృప్తి నొందుచున్నాము. అన్నదానము మంచిదే. కాని మనయొద్ద మరియొక సొత్తు గలదు: అక్షరజ్ఞానము, ఊరిలో పలుకుబడి, కచేరీ గుమ్మమెక్కుటకు జంకని ధైర్యము. ఇవి లేనివానికి చట్టమున్నను లేనట్లే. మేమెరిగిన న్యాయస్థానమునుండియే దృష్టాంతములు చూపుదుము.

1978లో మోతీరామ్ అను తాపీపనివానిని బెయిలుపై విడువుమని సుప్రీంకోర్టు చెప్పియుండగా, మధ్యప్రదేశ్‌లోని మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను కోరెను. సోదరుడు జామీను నిలువ వచ్చినను, అతని ఆస్తి వేరు జిల్లాలో నున్నదని త్రోసిపుచ్చెను. జస్టిస్ కృష్ణ అయ్యరు దానిని గర్హించి, వేయి రూపాయల సొంత ముచ్చలికపై విడిపించెను.

మరుసటి యేట హుస్సేనారా ఖాతూన్ వ్యాజ్యము వచ్చెను. నేరము రుజువైనచో పడదగిన శిక్షకన్న నెక్కువ కాలము విచారణ లేకయే బీహారు చెరసాలలలో మగ్గినవారి సంగతి బయటపడెను. ఎట్లు? పత్రికలో వ్రాత వచ్చెను. కపిలా హింగోరాణీ అను న్యాయవాది దానిని చేతబట్టి సుప్రీంకోర్టు తలుపు తట్టెను. పత్రిక చదివి, నిట్టూర్చి, మడచిపెట్టుట అందరికిని చేతనగును. ఆమె మడచిపెట్టలేదు.

పిమ్మట చట్టము చాల దూరము నడచినది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9న అమలునకు వచ్చెను. నిర్బంధములో నున్నవానికిని, స్త్రీకిని, బాలునికిని, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగా వకీలు దొరకును. బెయిలు వచ్చియు ఏడు దినములలో విడుదల కానివాని సంగతిని చెరసాల అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలుపవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించెను.

ఇంక మనకేమి పని యందురా? ఇన్ని యుండియు, ఉన్నవాడు సొమ్ముతో తీర్చుకొనుదానిని లేనివాడు తన దినములతో తీర్చుకొనుచున్నాడు. ఏ గదిలో ఏ కాగిత మీయవలెనో అతని భార్యకు తెలియదు. తెలిసినవారము మనము.

దీనిని దయ యనరాదు. మమ్ము పట్టభద్రులను జేసిన చదువునకు కూలివాడు కొన్న అగ్గిపెట్టెమీది పన్నును చేరినది. మనము తీర్చునది బాకీ. బాకీ తీర్చువాడు పొగడ్త కోరడు.

కావున వకీళ్లమైన మేము నెలకొక వ్యాజ్యమైనను రుసుము లేక నడపవలెను; దానికి జూనియరును పంపి, ఫీజిచ్చువానికి మాత్రము తామే నిలుచుట న్యాయము కాదు. మీరో, వకీళ్లు కానక్కరలేదు. ఈ మందిరపు గోడపై జిల్లా న్యాయసేవాధికార సంస్థ చిరునామాను, 15100 అను సహాయ టెలిఫోను సంఖ్యను వ్రాయుడు. ఆదివారము రెండు గంటలు ఒకరు కూర్చుండి అర్జీలు వ్రాసి యిండు. మీ వీధిలో చెరసాల పాలైనవాని యింటికి పోయి, బెయిలు వచ్చినదా, జామీను దొరకినదా యని యడుగుడు. నమ్మదగినవాడైనచో మీరే జామీను నిలువుడు.

పెట్టిన అన్నము ఆ పూటతో సరి. మీ సంతకముతో ఒకడు ఇల్లు చేరినచో, ఆ యింటి పొయ్యి ప్రతిదినము రాజుకొనును.