వారి చేతిలో మన సైనికుడు, మన చేతిలో వారి సైనికుడు

(కోలార్ బంగారు గనుల పట్టణంలో జరిగిన ప్రాంతీయ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక దేశపు సైనికుడు మరో దేశం చేతికి చిక్కినప్పుడు ఆ రెండు దేశాలూ ఏం చేయాలి? ఈ పూట మనం మాట్లాడుకోవలసిన విషయం ఇది. ఢిల్లీ వాళ్ళు తేల్చుకోవలసిన సంగతి మనకెందుకు అని కొందరు అనవచ్చు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన తరువాత ఈ ఊరి పిల్లలు పొద్దున్నే బెంగళూరు రైలెక్కుతున్నారు, లేదా ఊరు వదిలి వెళ్తున్నారు. వెళ్ళినవాళ్ళలో సైన్యంలోనూ, బి.ఎస్.ఎఫ్., సి.ఆర్.పి.ఎఫ్. లాంటి బలగాల్లోనూ చేరినవాళ్ళున్నారు. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు తెలుగు పల్లెల్లోనూ, సరిహద్దు అవతల కుప్పం, పలమనేరు వైపునా అంతే. సరిహద్దులో ఒక జవాను పట్టుబడితే టీవీలో కేకలు వేసేవాళ్ళు వేరు, ఇంట్లో అన్నం మానేసి కూర్చునేవాళ్ళు వేరు. ఆ రెండోవాళ్ళు మన సంఘాల్లో ఉన్నారు. అందుకే ఇది మన సంగతి.

ఈ ప్రశ్న మన జిల్లాకు కొత్త కాదు. హైదర్ అలీ పుట్టింది ఇక్కడికి దగ్గరలోని బూదికోటలో. ఆయన తండ్రి సమాధి కోలారులో ఉంది. 1780 సెప్టెంబరు 10న పొల్లిలూరు యుద్ధంలో హైదర్, టిప్పుల సేన ఆంగ్లేయులను ఓడించి, కర్నల్ బెయిలీతో పాటు అనేకులను శ్రీరంగపట్నం చెరకు తీసుకుపోయింది. బెయిలీ అక్కడే చనిపోయాడు. కెప్టెన్ డేవిడ్ బెయర్డ్ అనే మరో బందీ మూడున్నర ఏండ్లకు పైగా ఆ చెరలో మగ్గాడు. 1784 మార్చిలో మంగళూరు సంధి కుదిరాక విడుదలయ్యాడు. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట మీదికి దూసుకెళ్ళిన ఆంగ్ల సేనను నడిపింది ఆ బెయర్డే. టిప్పు ఆ రోజే మరణించాడు.

ఆంగ్లేయులు మాత్రం తక్కువ తిన్నారా? 1792లో టిప్పును ఓడించినప్పుడు, సంధి సొమ్ము కట్టేదాకా పూచీగా ఆయన ఇద్దరు పసికొడుకులను పట్టుకుపోయారు. బందీని ఏం చేయాలన్నది ఆ కాలంలో గెలిచినవాడి మనసును బట్టి ఉండేది. ఒకరి చెర మరొకరి పగకు ఎరువైంది.

దీని పక్కన రాజులు రెండవ గ్రంథం 6వ అధ్యాయంలోని సంగతి పెట్టి చూడండి. ఎలీషాను పట్టుకోవడానికి దోతానుకు వచ్చిన సిరియా సైన్యం చివరికి షోమ్రోను నడిబొడ్డున ఇశ్రాయేలు రాజు చేతికి చిక్కింది. చంపమంటారా అని రాజు ఆత్రంగా అడిగాడు. ప్రవక్త వద్దన్నాడు. వారికి అన్నపానాలు పెట్టి, తమ యజమాని దగ్గరికి పంపించమన్నాడు. రాజు గొప్ప విందే చేసి పంపాడు. ఆ తరువాత ఆ దండులు ఇశ్రాయేలు దేశంలోకి దోపిడికి రావడం మానుకున్నాయని గ్రంథం చెబుతోంది. దీన్ని మనం ఆదివారపు బడి పిల్లలకు అద్భుతంగా చెబుతాం. రాజ్యాలు నడిపేవాళ్ళకు అది ఒక విధానం కూడా.

రెండు ప్రపంచ యుద్ధాల తరువాత దేశాలన్నీ కూర్చుని దీనికి ఒక చట్టం రాసుకున్నాయి. 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందం యుద్ధ ఖైదీల గురించినది. భారత్, పాకిస్తాన్ రెండూ దానిని అంగీకరించాయి. పట్టుబడిన సైనికుడు తన పేరు, హోదా, నంబరు, పుట్టిన తేదీ మాత్రం చెబితే చాలు. అతణ్ణి కొట్టకూడదు, అవమానించకూడదు, జనం ముందు వింతగా ప్రదర్శించకూడదు. అతడు ఇంటికి ఉత్తరం రాసుకోవచ్చు. రెడ్ క్రాస్ వాళ్ళు వచ్చి చూడవచ్చు. పోరు ఆగిన తరువాత ఆలస్యం లేకుండా ఇంటికి పంపాలి. తప్పు ఎవరిదైనా, యుద్ధాన్ని ఎవరు మొదలుపెట్టినా, ఈ నియమాలు మారవు.

మరి మన ఉపఖండంలో ఏం జరిగింది? మంచీ ఉంది, చెడూ ఉంది.

1965 యుద్ధం చివరి రోజున మన కన్నడ నాటి కొడగు బిడ్డ, వైమానిక దళ పైలట్ నందా కరియప్ప పాకిస్తాన్‌కు చిక్కాడు. తండ్రి జనరల్ కరియప్ప మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి. పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌కు ఆయన పాత పరిచయం. కొడుకును ప్రత్యేకంగా విడిచిపెడతామని కబురు వచ్చింది. చెరలో ఉన్నవాళ్ళందరూ నా కొడుకులే, అందరినీ ఒకేలా చూడండి అన్న అర్థంలో తండ్రి జవాబిచ్చాడు. కొడుకు మిగతావాళ్ళతో పాటే చెరలో ఉండి, 1966 జనవరిలో తిరిగివచ్చాడు.

1971లో లొంగిపోయిన సుమారు 93,000 మంది పాకిస్తానీయులు, సైనికులూ పౌరులూ కలిపి, మన దేశపు శిబిరాల్లో ఉన్నారు. వారికి తిండి, వైద్యం అందాయి. కాని పోరు ఆగిన వెంటనే వారిని పంపలేదు. బంగ్లాదేశ్ గుర్తింపు, యుద్ధ నేరాల విచారణ వంటి బేరాలన్నీ తేలి, 1973 ఆగస్టులో ఢిల్లీ ఒప్పందం కుదిరాకే అసలు తరలింపు మొదలైంది. 1974 ఏప్రిల్ దాకా సాగింది. మన చేతిలో అంత పెద్ద లెక్క ఉన్నా, 1965, 71 యుద్ధాల్లో తప్పిపోయి పాకిస్తాన్ జైళ్ళలో ఉన్నారని నమ్మిన మన 54 మంది సంగతి మాత్రం తేలలేదు. పాకిస్తాన్ తన దగ్గర ఎవరూ లేరంటూ వచ్చింది. 2007లో వారి బంధువులు కొందరు అక్కడి జైళ్ళకు వెళ్ళి వెతికి, ఉత్త చేతులతో తిరిగివచ్చారు. భర్త ఉన్నాడో లేడో తెలియక, బొట్టు పెట్టుకోవాలో తీసేయాలో తెలియక ముసలివారైన స్త్రీలున్నారు. దేశాలు లెక్క తేల్చకపోతే ఆ భారం మోసేది వీళ్ళే.

1999 కార్గిల్ యుద్ధంలో మే 27న మన తెలుగు కుటుంబానికి చెందిన ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత విమానం ఇంజను ఆగిపోయి, పాకిస్తాన్ సైనికులకు చిక్కాడు. పట్టుకున్నవాళ్ళు కొడుతుంటే వాళ్ళ అధికారి ఒకరు అడ్డుపడ్డాడు. రెడ్ క్రాస్ ద్వారా జూన్ మొదటి వారంలో ఇల్లు చేరాడు. అదే యుద్ధంలో పట్టుబడిన కెప్టెన్ సౌరభ్ కాలియా, ఆయనతో ఉన్న ఐదుగురు జవాన్లు మృతదేహాలుగా తిరిగివచ్చారు. వాటి మీద చిత్రహింసల గుర్తులున్నాయని మన సైన్యం ప్రకటించింది. అటువైపు చూస్తే, కొండల మీద చనిపోయిన తన సొంత సైనికులను తనవాళ్ళని ఒప్పుకోవడానికి పాకిస్తానే మొదట వెనకాడింది. వారిలో ఎందరికో మన సైనికులే నమాజు చేయించి మట్టి ఇచ్చారు.

ఇప్పుడు వాదనకు వద్దాం. పట్టుకున్నవాడితో మాట్లాడటమే పిరికితనం అనేవారు ఒక పక్క. ఏ వెలైనా ఇచ్చి తెచ్చుకోవాలి అనేవారు మరో పక్క.

మొదటి మాటకు జవాబు అనుభవంలోనే ఉంది. 2007లో ఇరాన్ 15 మంది బ్రిటిష్ నావికులను పట్టుకున్నప్పుడు యుద్ధం లేకుండానే రెండు వారాల లోపు విడుదలయ్యారు. ఖతార్‌లో 2022 ఆగస్టులో అరెస్టయిన మన నౌకాదళ మాజీ ఉద్యోగులు ఎనిమిది మందికి 2023 అక్టోబరులో మరణశిక్ష పడింది. వారిలో విశాఖపట్నం వారూ ఉన్నారు. అప్పీలు, లాయర్లు, రెండు ప్రభుత్వాల మధ్య సద్దు చేయని మాటలు నడిచాయి. 2024 ఫిబ్రవరిలో ఎనిమిది మందీ విడుదలయ్యారు. ఇందులో ఏ దేశం పరువూ పోలేదు.

రెండో మాట కష్టమైనది. 2011లో ఇజ్రాయెల్ గిలాద్ షాలిత్ అనే ఒక్క సైనికుడి కోసం 1,027 మంది ఖైదీలను వదిలింది. వారిలో యహ్యా సిన్వార్ ఒకడు. 2023 అక్టోబరు 7 దాడి వెనుక ఉన్న ముఖ్యుడు అతడే. ఆ తల్లి కన్నీళ్ళు నిజం, తరువాత పోయిన ప్రాణాలూ నిజం. ఇక్కడ మా ఉద్దేశం ఇది: సైనికుడికి బదులు సైనికుణ్ణి ఇవ్వడం న్యాయం. నిరాయుధులను చంపినందుకు శిక్ష పడినవాళ్ళను బేరంలో పెట్టడం వేరు, దానికి ఎంతో జాగ్రత్త కావాలి. 2025 ఏప్రిల్ 23న, పహల్‌గామ్ దాడి జరిగిన మరునాడు, ఫిరోజ్‌పూర్ దగ్గర పొరపాటున గీత దాటిన బి.ఎస్.ఎఫ్. జవాను పూర్ణమ్ కుమార్ షా పట్టుబడ్డాడు. ఆ రోజుల్లో రెండు దేశాలూ క్షిపణులు విసురుకున్నాయి. అయినా మే 14న ఆయన అట్టారి దారిన తిరిగివచ్చాడు. అదే రోజు మన దగ్గరున్న పాకిస్తాన్ రేంజర్‌ను మనం అప్పగించాం. అంత వేడిలోనూ అది సాధ్యమైంది.

కాబట్టి ఏ ప్రభుత్వాన్నైనా మనం నాలుగు అడగాలి. ఒకటి, పట్టుబడినవాడు మావాడే అని వెంటనే ఒప్పుకోవాలి. రెండు, ఆ ఇంటివాళ్ళకు టీవీ కంటే ముందు అధికారులు చెప్పాలి, రోజూ చెబుతూ ఉండాలి. మూడు, పైలట్‌కైనా, పదో తరగతి చదివిన జవానుకైనా ఒకే ప్రయత్నం జరగాలి. నాలుగు, మన చేతికి చిక్కినవాడిని, మనవాణ్ణి ఎలా చూడాలని కోరుకుంటామో అలాగే చూడాలి. నాలుగోది లేకపోతే మొదటి మూడూ అడిగే నోరు మనకుండదు.

గని ఊరి వాళ్ళకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. దిగినవాళ్ళెందరో, పైకి వచ్చినవాళ్ళెందరో లెక్క సరిపోయేదాకా గని పైన కాచుకున్న కుటుంబాలు మనవి. బండ పేలి లోపల చిక్కినవాడు ఏ కులంవాడు, ఏ గ్రేడువాడు అని అడిగి వెతకడం న్యాయం కాదని మీకు తెలుసు.

సంఘాలుగా మనం చేయగలిగినవీ ఉన్నాయి. ఏ దేశపు సైనికుడైనా సరే, రక్తం కారుతున్న బందీ వీడియో ఫోనుకు వస్తే ముందుకు పంపవద్దు. 2019లో అభినందన్ వర్ధమాన్ వీడియోలు చూసి మనం బాధపడ్డాం. అవతలి తల్లికీ అదే బాధ. మన ప్రాంతపు కుటుంబానికి ఆ కష్టం వస్తే పాస్టరు ఒక్కరే కాదు, నలుగురం వెళ్ళి కూర్చుందాం. ఎం.పి.కీ, విదేశాంగ శాఖకూ అర్జీలు రాసిపెడదాం. ఆదివారం ఆరాధనలో చెరలో ఉన్నవారి కోసం ప్రార్థన చేసేటప్పుడు, మన దేశపు చెరలో ఉన్నవారినీ అదే వాక్యంలో చేర్చుదాం. చెరసాలలో ఉన్న నన్ను చూడవచ్చితిరా అని ప్రభువు అడిగే దినాన, ఆ ఖైదీ ఏ దేశంవాడని మనం అడగలేం.

ఈ మాటలు మీ మీ సంఘాల్లో చర్చించండి. విభేదించేవారు విభేదించండి. కాని చర్చ మాత్రం జరగనివ్వండి. దేవుడు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.