పేరునూ, భాషనూ పోనివ్వని కొరియా



మొన్నామధ్య మా అమ్మాయి ఫోనులో కొరియా సీరియల్ చూస్తూ, "అమ్మా! వాళ్ల అక్షరాలు నేను వారం రోజుల్లో నేర్చేసుకున్నాను, తెలుసా?" అంది. కాగితం మీద రాసి చూపించింది కూడా. నాకూ ముచ్చటేసింది. తీరా మా అత్తగారు ఊరినుంచి రాసిన ఉత్తరం చేతికిస్తే, "తెలుగు గబగబా చదవలేనమ్మా, నువ్వే చదివి చెప్పు" అని తిరిగి ఇచ్చేసింది. మనసు చివుక్కుమంది. ఇంతకూ ఆ కొరియా అక్షరాల కథేమిటో చూద్దామని లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకున్నాను. పదో క్లాసుతో చదువు ఆపినదాన్ని, నాకు అర్థమైనంతవరకు మీకు చెబుతాను.

ఆ అక్షరాలను చేయించినవాడు సెజోంగ్ అనే రాజు. అంతకుముందు కొరియావాళ్లు చైనా లిపిలో రాసుకునేవారు. వేలకొద్దీ గుర్తులు, పనిపాటలు చేసుకునేవాళ్లకు అవి నేర్చుకునే తీరికెక్కడిది? అందుకని 28 అక్షరాలతో తేలికైన లిపి తయారుచేసి 1446లో ప్రజలకిచ్చాడు. అదే హంగుల్. పండితులు మాత్రం దాన్ని చిన్నచూపు చూశారు. "ఆడవాళ్ల రాత" అని ఎగతాళి చేశారట! నిజమే, ఆడవాళ్లే దాన్ని ఆదరించారు. పుట్టింటికి ఉత్తరాలు రాసుకున్నారు, కథలు చదువుకున్నారు. పండితులు కాదన్న అక్షరాన్ని వంటింటి వాళ్లు బతికించారన్నమాట.

ఇక పరాయి పాలన సంగతి. కొరియా మీద జపాను కన్ను ఎప్పటినుంచో ఉంది. తమకు అడ్డుగా ఉన్నదని మ్యోంగ్‌సోంగ్ రాణిని 1895లో జపాను మనుషులు రాజభవనంలోకి చొరబడి చంపేశారు. 1905లో విదేశ వ్యవహారాలన్నీ జపాను చేతిలోకి పోయాయి. 1910లో దేశాన్నే కలిపేసుకున్నారు.

అంతకు మూడేళ్ల ముందు, 1907లో ఒక చక్కని సంగతి జరిగింది. జపానుకు కొరియా కోటీ ముప్ఫై లక్షల వాన్‌ల అప్పు పడింది. అప్పున్నవాడికి స్వాతంత్ర్యం ఎక్కడిది? అది మనమే తీర్చేద్దామని దేగూ పట్నంలో ఉద్యమం లేచింది. మగవాళ్లు చుట్టా పొగాకూ మానేసి ఆ డబ్బు ఇచ్చారు. ఆడవాళ్లు ఉంగరాలూ, జడల్లో పెట్టుకునే వెండి కడ్డీలూ తీసి ఇచ్చారు. మన తెలుగు ఆడవాళ్లు 1921లో తిలక్ స్వరాజ్య నిధికి చేతిగాజులు ఊడదీసి ఇచ్చిన సంగతి మీకు తెలిసిందేగా! ఆ పని కొరియా అక్కచెల్లెళ్లు అంతకు పద్నాలుగేళ్ల ముందే చేశారు. పాలకులు ఆ ఉద్యమాన్ని సాగనివ్వలేదనుకోండి, అది వేరే సంగతి.

1919 మార్చి 1న 33 మంది పెద్దలు స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేశారు. సియోల్ పార్కులో దాన్ని చదవగానే జనం "మన్సే! మన్సే!" అంటూ వీధుల్లోకొచ్చారు. మనం "జై" అన్నట్టే అనుకోండి. చేతిలో కర్ర కూడా లేదు. ఆ గుంపులో యూ గ్వాన్-సున్ అనే పదహారేళ్ల బడిపిల్ల ఉంది. బడులు మూసేయగానే ఆ ప్రకటన ప్రతిని దాచుకుని చొనాన్ దగ్గర సొంత ఊరికి పోయింది. ఊరూరా తిరిగి చెప్పింది. ముందురోజు రాత్రి కొండమీద మంటపెట్టి గుర్తు చూపారు. ఏప్రిల్ 1న సంతలో జనం పోగయ్యారు. సైనికులు తుపాకులు పేల్చారు. ఆ పిల్ల కళ్లముందే తల్లీ తండ్రీ పోయారు. ఆమెను సియోల్‌లో సొదేమున్ జైల్లో పెట్టారు. ఏడాది తిరిగి మార్చి 1 వచ్చేసరికి జైల్లోనే తోటివాళ్లచేత "మన్సే" అనిపించింది. చిత్రహింసలకు ఒళ్లు చిల్లై, 1920 సెప్టెంబరు 28న కన్నుమూసింది. ఇంకా పద్దెనిమిదేళ్లయినా నిండలేదు.

ఈ పోరాటంలో కొరియా ఆడపిల్లలు ముందు నిలిచిన సంగతిని నెహ్రూగారు జైలునుంచి ఇందిరకు రాసిన ఉత్తరాల్లో ప్రత్యేకంగా చెప్పారు.

ఆ తరువాత పాలకుల చెయ్యి ఇళ్లలోకీ వచ్చింది. 1938లో బడుల్లో కొరియా భాష తప్పనిసరి పాఠం కాకుండా పోయింది, కొన్నాళ్లకు పూర్తిగా ఎత్తేశారు. 1940లో అందరూ జపాను పేర్లు పెట్టుకోవాలన్నారు. ఒప్పుకోకపోతే పిల్లల్ని బళ్లో చేర్చుకోవడం కష్టం, రేషను కష్టం. నూటికి ఎనభైమంది వరకు తలవంచక తప్పలేదు. ఆలోచించండమ్మా, బారసాలనాడు తాతముత్తాతల పేరు కలిపి బిడ్డ చెవిలో చెప్పుకున్న పేరును ఒక గుమాస్తా వచ్చి కొట్టేస్తే ఎలా ఉంటుంది?

ఇంత జరుగుతున్నా కొందరు ఏళ్ల తరబడి తమ భాషకు నిఘంటువు తయారుచేస్తూనే ఉన్నారు. 1942లో వాళ్లను అరెస్టు చేశారు. ఇద్దరు జైల్లోనే చనిపోయారు. సాక్ష్యంగా పట్టుకుపోయిన రాతప్రతి ఏమైందో ఎవరికీ తెలియలేదు. 1945 ఆగస్టు 15న దేశానికి విముక్తి వచ్చింది. మన పంద్రాగస్టే, కాకపోతే రెండేళ్లు ముందు! ఆ సెప్టెంబరులో సియోల్ రైలుస్టేషను గిడ్డంగిలో ఆ కాగితాల కట్టలు దొరికాయి. మొదటి సంపుటం 1947లో, ఆఖరిదైన ఆరోది 1957లో వచ్చాయి.

సంతోషం మాత్రం పూర్తిగా మిగల్లేదు. పెద్దదేశాలు 38వ అక్షాంశం దగ్గర గీత గీసి దేశాన్ని రెండు చేశాయి. 1950నుంచి 1953వరకు యుద్ధం జరిగింది. అక్క ఆ పక్కా, చెల్లెలు ఈ పక్కా ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. ఒకరి ముఖం ఒకరు మళ్లీ చూడకుండానే చాలామంది వెళ్లిపోయారు.

ఇదంతా మా అమ్మాయికీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం వాళ్ల నానమ్మ ఉత్తరం తెచ్చుకుని నా పక్కన కూచుని, వేలు పెట్టి ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదివింది. ఒత్తుల దగ్గర తడబడింది. నేను అందించలేదు. రెండు పేజీలకు గంట పట్టింది. జవాబు కూడా తనే రాస్తానంది. రాస్తోంది, ఇంకా పూర్తికాలేదు.