రంగస్థలముమీద దుర్మార్గుడు
(మన సంఘము నాటక శాఖవారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ యేటి నాటికల పోటీకి వచ్చిన వ్రాతప్రతులను చదువు భారమును మీరు మాపై నుంచితిరి. అన్నియు చదివితిమి. పెక్కింటిలో ఒకే మనిషి మాకు మరల మరల ఎదురుపడెను. వానికి జాలి లేదు, పాపభీతి లేదు. కారణము లేక నవ్వును, కారణము లేక చంపును. రచయితలు వానిని 'సైకో' యని పిలిచి ఊరకుండిరి. ఆ రెండక్షరములతో పాత్రపోషణము ముగిసినదని వారి నమ్మకము కాబోలు. ఇంకొక విశేషము కూడ కలదు. కొన్ని ప్రతులలో ఆ దుర్మార్గుడొక్కడే ఒడియా యాసతో తెలుగు మాటలాడును. తక్కిన వారందరు చక్కని పుస్తకభాష మాటలాడుదురు. ఈ రెండు సంగతులను గూర్చియే నేడు మనవి చేయదలచితిమి.

వైద్యులు 'యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్' అని వ్యవహరించునది, అనగా సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత, జనులు పిచ్చి యనుకొనునట్టిది కాదు. అది గలవానికి ఆ కారణమున లేని గొంతులు వినబడవు, లేని రూపములు కనబడవు. వాడు దారి తప్పడు, లెక్క తప్పడు. పెండ్లిపందిటిలో మనకంటె మర్యాదగా మాటలాడగలడు. ఇంచుమించుగా ఇట్టివారిని గూర్చియే హెర్వీ క్లెక్లీ యను అమెరికా వైద్యుడు 1941లో ఒక గ్రంథము వ్రాసి, దానికి 'స్వస్థచిత్తపు ముసుగు' అను అర్థము వచ్చు పేరు పెట్టెను. అమెరికా మనోవైద్య సంఘమువారు 1980లో వెలువరించిన రోగనిర్ణయ గ్రంథపు మూడవ కూర్పులో నేటి పేరు చేరెను.

ఆ గ్రంథపు నేటి కూర్పు చెప్పు లక్షణములను రచయితలు ఒక్కసారి చదువుకొనుట మేలు. 18 ఏండ్లు నిండనివానికి ఈ పేరు పెట్టరాదు. 15 ఏండ్లకు ముందే నడవడిలో తీవ్రమైన దోషములు పొడసూపి యుండవలెను. ఆ పిమ్మట పదే పదే చట్టమును మీరుట, స్వలాభమునకో వినోదమునకో ఒరులను మోసగించుట, ముందువెనుకలు చూడని తొందరపాటు, మాటిమాటికి కలహించి చేయిచేసికొనుట, తన క్షేమమును ఒరుల క్షేమమును లెక్కింపకుండుట, బాధ్యత లేకుండుట, చేసిన కీడునకు వగవకుండుట అను 7 లక్షణములలో 3 అయినను కనబడవలెను. ఈ యేడింటిలో హత్య యను మాట ఎక్కడను లేదు! అప్పు తీర్చకుండుట ఉన్నది, ఉద్యోగమున నిలువకుండుట ఉన్నది. ఈ రుగ్మత గలవారు నూటికి 0.2 మొదలు 3.3 వరకు ఉందురని అంచనా. వారందరు కత్తులు పట్టి తిరుగుచున్నచో మన వీధులలో నడచుట కష్టమై యుండెడిది. ఈ రుగ్మత తన బలమును ఎక్కువగా చూపునది చీకటి సందులలో కాదు. వంటయింటిలో, చిల్లరకొట్టులో, బాకీల పద్దులో.

ఈ మర్మమును తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1909లో పెంచి అచ్చువేయబడిన 'కన్యాశుల్కము'లో గిరీశము మనకందరకు పరిచితుడే. 1955లో వెండితెరమీద ఎన్.టి. రామారావుగారు ఆ వేషము ధరించిరి. గిరీశమునకు రోగనిర్ణయము చేయవలెనని మా అభిప్రాయము కాదు. వాని బాల్యమును మనకెవరు చూపిరి? అయినను గురజాడవారి పనితనమునుండి నేర్చుకొనవలసినది చాల కలదు. నాటకారంభముననే ఒక లెక్క మన చెవిని పడును. సంతలో సామాను కొనితెత్తునని పూటకూళ్ళమ్మవద్ద 20 రూపాయలు పుచ్చుకొని, వానిని గిరీశము మధురవాణిక్రింద ఖర్చు చేసెను. వాడు దుర్మార్గుడని ఎవరును ప్రకటింపలేదు. వాడే స్వయముగా, ఉల్లాసముగా, సిగ్గులేక ఆ లెక్క చెప్పును. మనము నవ్వుదుము. కాని ఒక విధవ అన్నము వండి పెట్టి కూడబెట్టిన 20 రూపాయలవి. ఆమె చీపురుకట్టతో రంగస్థలముమీదికి వచ్చి వానిని వెదకునప్పుడును మనము నవ్వుదుము. అయితే ఈమారు ఆ నవ్వు కొంత గొంతున అడ్డుపడును.

ఇక ఎవరెవరికి ఏయే మాటలు ఇంపో గిరీశమునకు తెలియును. వెంకటేశమునకు ఇంగ్లీషు, అగ్నిహోత్రావధానులకు వ్యాజ్యపు కాగితములలో సాయము, బుచ్చమ్మకు వితంతు వివాహము. ఈ చివరి మాట నిజముగా మంచి మాటయే. మంచి మాటను పనిముట్టుగా వాడుకొనుటయే వాని విద్య. వానికి కోరలు పెట్టి, కన్నులు ఎఱ్ఱచేసి యుండినచో బుచ్చమ్మ ఏల నమ్మును? మన ప్రతులలోని దుర్మార్గులను తొలి రంగముననే పసిబిడ్డ సయితము గుర్తింపగలడు. అట్టివానిచే మోసపోయిన తక్కిన పాత్రలు మూఢులుగా కనబడుట దుర్మార్గుని తప్పు కాదు, రచయితది.

పాశ్చాత్య రచయితలలో పాట్రీషియా హైస్మిత్ 1955లో రిప్లీ యను హంతకుని సృష్టించి, వాడు పట్టుబడకుండిన బాగుండునని చదువరియే కోరుకొనునట్లు చేసెను. ఆ విద్య గొప్పదే. కాని తొలిసారి కలము పట్టినవారు దాని జోలికి పోవలదని మా సలహా. వానిమీద మోజు పెరిగి, చచ్చినవాని తండ్రి దుఃఖము రచయితకే గుర్తుండకపోవును.

ఇక యాస సంగతి. శూద్రకుని 'మృచ్ఛకటికము'లోని శకారుడు 'స'కారమునకు మారు 'శ'కారము పలుకును గనుకనే వానికా పేరు. రామాయణమును భారతమును కలగలిపి మాటలాడును. వసంతసేన గొంతు నులిమి, చచ్చినదని తలచి, ఆ నేరమును చారుదత్తునిపై మోపును. దుష్టునికి యాస పెట్టుట ప్రాచీనమేయని మీరనవచ్చును. కాని ఆ రూపకములో ఆడువారు, బంట్లు, జూదరులు అందరును ఏదో యొక ప్రాకృతమే మాటలాడుదురు. పైగా శకారుని బలము వాని నాలుకలో లేదు. వాడు రాజుగారి బావమరది యగుటలో ఉన్నది. ఆ సంగతిని శూద్రకుడు మరువలేదు. మన ప్రతులలో మాత్రము యాస ఒక్కనికే, వాడును మన పొరుగువాడే. ఇరుగుపొరుగు రాష్ట్రములలో మన తెలుగు యాసను వెక్కిరించిన నాటకములు చూచి మనసు నొచ్చుకొన్నవారము గదా మనము. ఆ నొప్పి తెలిసిన చేతులతో ఈ పని చేయుట మాకు వింతగా తోచెను.

ఇది కేవలము మర్యాదకు సంబంధించిన మాట కాదు. 1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టము చేసెను. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని వర్తించెను. ఒక్కొక్క కులము కులమే పుట్టుకతో నేరము చేయునదని ఆ చట్టపు భావము. మన ఎరుకలవారు దానిక్రింద నలిగిరి; స్టువర్టుపురము పేరు వినినంతనే నేటికిని సినిమాలవారికి దొంగలే తోతురు. 1952లో ఆ చట్టము రద్దయినది, భావము రద్దు కాలేదు. వైద్యగ్రంథమే ఒక హెచ్చరిక చేయుచున్నది: పేదరికమున బ్రతుకు నిలుపుకొనుటకై మొండితనము నేర్చినవారికి ఈ రుగ్మత పేరు పొరపాటున అంటగట్టబడవచ్చునట. వైద్యులే అంత జంకుచుండగా, యాసను కులమును పేటను గుర్తులుగా పెట్టి మనము నిర్ణయము చేయుట సాహసము.

ముగింపులను గూర్చి ఒక్క మాట. సగము ప్రతులలో తల్లి కంటతడి పెట్టగానే కొడుకు మారిపోవును. సగమింట పోలీసు తుపాకి పని ముగించును. రెండును రచయిత అలసటకు గుర్తులే. ఈ లక్షణములు 40 ఏండ్ల ప్రాంతమున పలువురిలో కొంత తగ్గునని వైద్యులందురు, కాని ఒక్క రంగములో కాదు. గురజాడవారు గిరీశమును ఏడ్పించి మార్చలేదు, చంపలేదు. బుచ్చమ్మకు పూనాలోని వితంతు శరణాలయమునకు దారి చూపించిరి. గిరీశము చేతికి ఆమె దక్కలేదు.

ప్రతులను రచయితలకు తిరిగి పంపుచున్నాము. దుర్మార్గునివలన ఎవరికి ఎంత నష్టము కలిగెనో, ఆ నష్టపోయినవారికి మాటలాడుటకు ఒక రంగమైనను కలదో లేదో చూచుకొని, సవరించి, వచ్చు నెల మొదటి ఆదివారములోగా మరల అందజేయగోరెదము. ఒడియా యాసను తొలగింప మనసొప్పనివారు దానిని నాటికలోని మంచివారికి కూడ పంచిపెట్టవచ్చును. మాకు అభ్యంతరము లేదు.