ఆటల పీరియడ్ ఎందుకు?

 

బడిలో లెక్కల పీరియడ్ ఉంటుంది. తెలుగు పీరియడ్ ఉంటుంది. ఆటల పీరియడ్ కూడా ఉంటుంది. లెక్కలు ఎందుకని ఎవరూ అడగరు. ఆటలు ఎందుకని మాత్రం చాలా మంది అడుగుతారు. ఆడపిల్లల విషయంలోనైతే ఇంకా ఎక్కువ. "ఆడపిల్లకు ఆటలేంది? ఇంట్ల నాలుగు బిందెల నీళ్లు తెస్తే అదే కసరత్తు" అంటారు. ఈ మాట నిజమేనా? ఇవాళ దీని గురించి మాట్లాడుకుందాం.

"ఆమె గట్టి మనిషి" అంటాం కదా! ఒంటి గట్టితనాన్ని బడి పుస్తకాల్లో శారీరక దృఢత్వం అంటారు. ఇది ఒక్కటే గుణం కాదు. ఇందులో ముఖ్యంగా ఐదు గుణాలున్నాయి. పేర్లు కొత్తగా ఉంటాయి. సంగతి మాత్రం మీకు తెలిసిందే.

మొదటిది బలం. వడ్ల బస్తాను లేపేది బలం. బావిలోంచి బొక్కెన గుంజేది బలం.

రెండోది దమ్ము. పొద్దంతా అలసిపోకుండా నాటు వేయాలంటే దమ్ము కావాలి. దమ్ము గుండెలో, ఊపిరితిత్తుల్లో ఉంటుంది. బలం ఉన్నవాళ్లందరికీ దమ్ము ఉండదు. బస్తా లేపిన మనిషి గుట్ట ఎక్కేసరికి ఆయాసపడవచ్చు.

మూడోది వేగం. చేనులో మేక పడితే ఒక్క ఉరుకు ఉరుకుతాం. అది వేగం.

నాలుగోది చురుకుతనం. కోడిని పట్టేటప్పుడు చూడండి. వేగం ఒక్కటే చాలదు. అది ఎటు మళ్లితే మనమూ అటు మళ్లాలి. టక్కున ఆగాలి, మళ్లీ ఉరకాలి. కబడ్డీ, ఖోఖో ఆడితే ఈ గుణం పెరుగుతుంది.

ఐదోది ఒళ్లు వంగే గుణం. కాళ్లు చాపి కూర్చోండి. మోకాళ్లు లేపకుండా మెల్లగా కాలి వేళ్లు ముట్టుకోండి. ఎంతవరకు అందితే అంతవరకే. నడుము, తొడల వెనక కండరాలు ఎంత సాగుతున్నాయో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మన పని సంగతి చూద్దాం. బీడీలు చేసే అక్క వేళ్లు ఎంత వేగంగా ఆడతాయి! కానీ పొద్దంతా ఒక్కకాడనే కూర్చుంటుంది. మెడ, నడుము పట్టేస్తాయి. నడక ఉండదు, దమ్ము తగ్గుతుంది. నాటు వేసే అమ్మకు దమ్ము ఉంటుంది. కానీ పొద్దంతా ముందుకే వంగుతుంది. నడుము నొస్తుంది. పని ఒంటిని ఒకే తీరుగా వాడుతుంది. ఆట అన్ని తీర్లుగా కదిలిస్తుంది. నాలుగు బిందెలు మోస్తే బలం రావచ్చు. మిగిలిన గుణాలన్నీ రావు.

దీనికి మన దగ్గరే ఒక సాక్ష్యం ఉంది. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో ప్రభుత్వ క్రీడా పాఠశాలలు ఉన్నాయి. హైదరాబాద్ దగ్గర హకీంపేటలో ఇంకొకటి ఉంది. వీటిలో నాలుగో తరగతిలో చేర్చుకునే పిల్లలకు తొమ్మిది పరీక్షలు పెడుతూ వచ్చారు. మొదట ఎత్తు, బరువు చూస్తారు. 30 మీటర్ల పరుగుతో వేగం తెలుస్తుంది. 10 మీటర్ల దూరాన్ని అటూ ఇటూ ఆరుసార్లు ఉరికిస్తారు. దాంతో చురుకుతనం తెలుస్తుంది. కిలో బరువున్న బంతిని విసిరిస్తారు. అది చేతుల బలం. ఉన్నచోటి నుంచి ముందుకు ఒకసారి, పైకి ఒకసారి దుంకిస్తారు. అది కాళ్ల బలం. 800 మీటర్లు ఉరికిస్తారు. అది దమ్ము. చివరికి ఒళ్లు ఎంత వంగుతుందో చూస్తారు. మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఇవే పరీక్షలు.

అందరు పిల్లలూ ఆ బడికే పోవాలని కాదు. ఆ ఐదు గుణాలు మాత్రం అందరికీ కావాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు గంటసేపు బాగా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ వయసులో దుంకితే, ఉరికితే ఎముకలు గట్టిపడతాయి. కానీ మనం ఏం చేస్తాం? "బిడ్డ పెద్దమనిషి అయింది, ఇగ ఆటలు బంద్" అంటాం. సరిగ్గా ఎముకలు పెరిగే వయసులోనే ఆపేస్తాం! ముట్టు రోజుల్లో కూడా ఒళ్లు బాగుంటే ఆడవచ్చు. తప్పేమీ లేదు.

ఆడితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు ఒక బిడ్డ సంగతి చెప్పండి. పేరు మాలావత్ పూర్ణ. ఊరు అప్పటి నిజామాబాద్ జిల్లా పాకాల. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె ప్రభుత్వ గురుకులంలో చదివింది. ముందు భువనగిరి గుట్ట ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు.

ఇంకో మాట. ఒంట్లో రక్తం లేకుంటే దమ్ము రాదు. 2019–21 సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. బిడ్డ నాలుగడుగులు ఉరికి కూలబడితే "సోమరిపోతు" అని తిట్టకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం పరీక్ష చేయించండి. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మింగించండి. ఆకుకూరలు, పప్పు, గుడ్డు పెట్టండి. మగపిల్లవాడికి ఎంత పెడితే ఆడపిల్లకూ అంత పెట్టండి.

మరి మనం ఏం చేయాలి? బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. మన బడికి ఉందా? ఉంటే అందులో ఆడపిల్లలు ఆడుతున్నారా? లేక మగపిల్లలు ఆడుతుంటే గోడ పక్కన నిలబడి చూస్తున్నారా? పోయి అడుగుదాం. నలుగురం కలిసి అడుగుదాం.

బడిలో టైంటేబుల్ గోడకు అంటించి ఉంటుంది. నిన్నటిదాకా అది మనకు గీతల కాగితం. ఇవాళ మనం చదవగలం. రేపు బడికి పోయినప్పుడు దాని ముందు నిలబడండి. మీ బిడ్డ తరగతి వెతకండి. ఆటల పీరియడ్ ఏ రోజు, ఎన్ని గంటలకు ఉందో చదవండి. ఆ గంటలో బిడ్డను నీళ్లకో, బీడీలకో ఇంటికి పిలవకండి.

ఆ గంట బిడ్డది.