తెర మాట్లాడితే సరిపోదు, పిల్లగాడు మాట్లాడాలె

(ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లిష్ బోధన, సాంకేతికత అనే అంశంపై ఉపాధ్యాయులు, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఇంగ్లిష్ పంతులును కాదు, విలేకరిని. తెలుగు మీడియంల చదివి డిగ్రీ పాసైనోన్ని. 2009 డిసెంబర్‌ల ఉస్మానియా క్యాంపస్‌ల లాఠీల ముందు నిలబడ్డోళ్లల్ల నేనూ ఒకన్ని. అప్పుడు ఢిల్లీ నుంచి వచ్చిన టీవీవాళ్లు నా మూతి ముందు మైకు పెట్టి ఇంగ్లిష్‌ల అడిగిండ్రు. తెలుగుల గంటసేపు దంచేటోన్ని, రెండు ముక్కలు కూడా అనలేక పక్కనున్న దోస్తును ముందటికి నెట్టిన. గోస నాది, చెప్పింది ఇంకొకరు. ఆ సిగ్గు ఇంకా పోలే.

ఇది మనకు పాత దెబ్బ. 1918ల మొదలైన ఉస్మానియాల చదువు ఉర్దూల సాగింది. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత సర్కారు కచేరీలల్ల ఇంగ్లిష్ జొరబడ్డది. మీకు ఇంగ్లిష్ రాదు అనే సాకుతోటి బయటోళ్లు కుర్చీలల్ల కూసున్నరు. 1952ల ముల్కీ ఉద్యమం వరంగల్‌ల అంటుకున్నది, సెప్టెంబర్‌ల హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర తుపాకులు పేలేదాకా పోయింది. అందుకే మనకు ఇంగ్లిష్ సోకు కాదు. అది నౌకరి ముచ్చట.

ఇగ యంత్రాల సంగతికొస్త. బడిల తెర పెడితే చదువు వస్తదనే మాట నిన్నటిది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల 2,400 ఊర్లకు టీవీ పాఠాలు చూపిండ్రు. అండ్ల అప్పటి ఆంధ్రప్రదేశ్ ఊర్లున్నయి. 2004ల చదువు కోసమే ఎడ్యుశాట్‌ను పైకి పంపిండ్రు. మన టీవీ వచ్చింది, 2017ల అదే టీ-శాట్ అయింది. కరోనా కాలంల, 2020 సెప్టెంబర్ 1 నుంచి, టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి మీదనే పాఠాలు నడిచినయి. ఇప్పుడు చాలా హైస్కూళ్లకు ముట్టుకుంటే పనిచేసే పెద్ద తెరలు వచ్చినయి. నేను వీటిని కాదనను. ఒక్కటే అడుగుత: ఇన్నేండ్లల్ల మాట్లాడింది ఎవరు? తెర మాట్లాడింది. పిల్లలు చేతులు కట్టుకొని విన్నరు. ఈత నేర్పుతమని గట్టు మీద కూసోబెట్టినట్టు.

కంప్యూటర్ల కథ ఇంకో తీరు. ఉమ్మడి రాష్ట్రంల హైస్కూళ్లకు కంప్యూటర్లు 'బూట్' పద్ధతిల వచ్చినయి. అంటే కంపెనీ పెడతది, నడుపుతది, గడువు తీరినంక బడికి అప్పజెప్పి పోతది. కంపెనీ పోయినంక బ్యాటరీ ఎవరు కొనాలె? నేర్పేటోళ్ల జీతం ఎవరియ్యాలె? వార్త కోసం పోయిన ఒక బడిల కంప్యూటర్ గదికి తాళం ఉన్నది. తాళంచెవి కోసం అరగంట వెతికిండ్రు. తలుపు తెరిస్తే లోపల పాత పరీక్ష పేపర్ల కట్టలు, మానిటర్ల మీద వేలుతోటి పేరు రాయొచ్చు, అంత దుమ్ము.

ఇంకో బడిల తొమ్మిదో తరగతికి చెప్పే మేడమ్‌ను చూసిన. ఆమె దగ్గర ఉన్నది సొంత ఫోను, ఒక చిన్న స్పీకర్, అంతే. యాభై మంది పిల్లలను ఐదుగురి చొప్పున పది గుంపులు చేసింది. దినానికి ఒక గుంపు. ఇంటికాడ పొద్దున ఏం చేసిండ్రో ఒక్కొక్కరు అర నిమిషం ఇంగ్లిష్‌ల చెప్పాలె, ఆమె రికార్డు చేస్తది, ఎంబడే వినిపిస్తది. పది పనిదినాలల్ల తరగతంత అయిపోతది. ఒక పిల్ల తన గొంతు మొదటిసారి విని మొఖం కప్పుకున్నది. తర్వాత తనే అన్నది, "మేడమ్, నేను బస్సు అంటున్న, చివర ఉ వస్తున్నది" అని. మన తెలుగు మాటలు ఎక్కువ అచ్చుతోటే ముగుస్తయి. అందుకే మన నోట్లె బస్‌కు, పెన్‌కు, బుక్‌కు తోక మొలుస్తది. పుస్తకంల పది పేజీలు చెప్పినా పట్టని ముచ్చట, ఆ పిల్ల చెవి అర నిమిషంల పట్టింది. తప్పు చేసినప్పుడు ఎవరు నవ్వొద్దని మేడమ్ ముందే షరతు పెట్టింది. తప్పును తెలుగులనే విడమరిచి చెప్పింది. నాకైతే ఆ ఫోను కన్నా ఆ షరతే పెద్దగ కనిపించింది.

ఎందుకంటే నవ్వుల పాలు కావడం మనకు ఎరుకే. సినిమాలల్ల మన యాసను రౌడీకి, జోకర్‌కు పెట్టిండ్రు. తెలుగు మాట్లాడితేనే నవ్విండ్రు, ఇంగ్లిష్ మాట్లాడితే ఊకుంటరా? ఇప్పుడు మార్కులేసే యాప్‌లు వచ్చినయి. అమెరికా వాని లెక్క పలకకపోతే ఎర్ర గీత పెట్టేటియి కూడా వాటిల ఉన్నయి. అసొంటిదాన్ని బడిల పెట్టొద్దు. ఎదుటి మనిషికి సాఫుగ తెలిస్తే చాలు. మన దగ్గర ఉర్దూ మాట్లాడే పిల్లలు 'ఫ' అక్షరాన్ని పై పళ్లు కింది పెదవికి తాకించి సులువుగ పలుకుతరు. వాళ్లను పక్కన కూసోబెడితే యాప్ కన్నా మంచిగ నేర్పుతరు. ఒక జాగ్రత్త: పిల్లల గొంతులు, ముఖ్యంగ ఆడపిల్లలయి, వాట్సాప్ గ్రూపులల్ల తిరగొద్దు. విన్నంక ఫోన్లకెల్లి తీసెయ్యాలె.

2008ల ఆరో తరగతి నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లిష్ మీడియం సమాంతరంగ పెట్టిండ్రు. 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిది దాకా తెచ్చిండ్రు. మీడియం మారింది. మరి పరీక్ష? ఇంటర్‌ల 2023-24 నుంచి ఇంగ్లిష్‌కు ప్రాక్టికల్స్ వచ్చినయి. పదో తరగతి పబ్లిక్ పరీక్ష మాత్రం రాతనే. పరీక్షల లేనిదాన్ని బడిల ఎవరు చెప్తరు, సార్? పదిల కూడా మాటకు మార్కులుండాలె. తెర కొన్న పైసలతోటి పాటు దాని మరమ్మతు పైసలు కూడా బడి ఖాతలనే వెయ్యాలె. ఇంగ్లిష్ పంతుళ్ల ఖాళీలు నింపకుండ తెరలు పంపుడు మాత్రం మోసమే, ఏ సర్కారు చేసినా సరే.

సోమవారం బడికి పోయినంక కంప్యూటర్ గది తాళంచెవి ఎవరి దగ్గరున్నదో అడుగుండ్రి. దొరకకపోతే నాకు చెప్పుండ్రి, వార్త నేను రాస్త. జై తెలంగాణ.