ప్రశ్న వేసి యాగిన పంతులమ్మ



టెలివిజను మాటాడును, ఎదుటివారి మాట వినజాలదు. ఈ లోపము నెఱిఁగి, దానికొక యుపాయమును జూపిన యుపాధ్యాయిని ఫ్రాన్సెస్ హార్విచ్. ఆమె అమెరికాలోని చికాగో నగరమున, రూజ్వెల్టు కళాశాలయందు విద్యాశాఖాధ్యక్షురాలుగా నుండెను. 1952వ సంవత్సరమున ‘డింగ్ డాంగ్ స్కూల్’ అను కార్యక్రమము ఆమె నిర్వహణమున ప్రారంభమయ్యెను. బడియీడు రాని పసివారికై వెలసిన తొలి టెలివిజను కార్యక్రమములలో అది యొకటి. పిల్లలకు ఆమె ‘మిస్ ఫ్రాన్సెస్’.

ఆమె చేతిగంట మ్రోగించి పాఠము మొదలిడుచుండెను. కెమేరాను పసివారి కన్నుల యెత్తునకు దించి యుంచెడివారు. ఆమె యొక ప్రశ్న వేసి, పిమ్మట కొంతసేపు మౌనముగా నుండును. ఎచ్చటనో తన యింట గూర్చున్న బిడ్డ బదులు చెప్పుటకై విడిచిన వ్యవధి యది. తుదకు తల్లులను బిలుచుకొని రండని పిల్లలకు జెప్పి, నాటి పాఠమును వారికి వివరించుచుండెను. పెట్టె వినజాలని జవాబును తల్లి వినఁగలదు గదా!

1956లో ఎన్.బి.సి. సంస్థ ఆ కార్యక్రమమును నిలిపివేసెను. అయినను ఆ పద్ధతికి టెలివిజనుతో పనిలేదు. పుస్తకమును చెప్పునే కాని వినదు. కావున ఈ గ్రంథాలయమునుండి బొమ్మల పుస్తకము గొనిపోవు తల్లిదండ్రులు వడివడిగా పుటలు త్రిప్పక, నడుమ నొక ప్రశ్న వేసి, బిడ్డ పలుకువఱకు ఓపికతో నాగుదురుగాక!